‘చెడ్డ కబుర్లు’ చెప్పిన మంచి మాట



సంక్రాంతి సెలవులకు మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఇంటికి వచ్చాడు. కాలేజీలో చదువుతున్నాడు. పండుగ ముందు మా మెట్‌పల్లి ఇళ్ళల్లో ఏం పని ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. నువ్వులు, ఓమ కలిపిన పిండి ముందు పెట్టుకుని మా అత్తమ్మా నేనూ సకినాలు చుట్టుతున్నాం. ఇంతలో పక్క అర్రలోంచి ఒక పాట మొదలయింది. పాట అంటే పాట కాదు, పిడుగు పడినట్టు డప్పుల మోత, దాని మీద ఎవరో గొంతు చించుకుని అరవడం.

“గదేం పాటనే? ఇంట్ల ఎవరో కొట్లాడుతున్నట్టు మోగుతున్నది!” అన్నది మా అత్తమ్మ.

పిండి చేతులతోనే లేచి వెళ్ళాను. “ఇది ఏ భాషరా? ఇంగ్లీషా?” అని అడిగాను.

“కాదమ్మా, బాస్క్ భాష” అన్నాడు.

“నీకు అర్థమవుతుందా?”

“ఒక్క ముక్క అర్థం కాదు. కాని ఈ బృందం ఎక్కడికి పోయినా తమ భాషలోనే పాడింది. ఇంగ్లీషులో పాడితే ఇంకా పేరు వచ్చేదట, అయినా పాడలేదు. అందుకే వింటున్నా.”

ఇదేం విడ్డూరమో అనుకుని, చప్పుడు తగ్గించమని చెప్పి వచ్చేశాను. ఆ సంగతి అక్కడితో మరిచిపోయేదాన్నే. కాని అదే రోజు మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది.

అన్నం వార్చే వేళకు మా అత్తమ్మ మనుమణ్ణి పిలిచి, “బిడ్డా, నడిమర్రల శిబ్బి ఉన్నది, జర దేవులాడి పట్టుకరా” అన్నది. వాడు లోపలికి వెళ్ళి అయిదు నిమిషాలు అటూ ఇటూ తిరిగి, ఖాళీ చేతులతో నా దగ్గరికి వచ్చి చెవిలో మెల్లిగా అడిగాడు. “అమ్మా, శిబ్బి అంటే ఏమిటి?”

మెల్లిగా అడిగినా ఆమెకు వినబడనే వినబడింది. కోపం చేసుకోలేదు. “నా మాట నా మనుమనికే సమజైతలేదు” అని తనలో తను అనుకున్నట్టు అని, తానే లేచి వెళ్ళి శిబ్బి తెచ్చుకుంది. 

సోదరీమణులారా, ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. తప్పు వాడిది కాదు, నాది. వాడు మూడో తరగతిలో ఉన్నప్పుడు “మీ పిల్లవాడు ఇంటి భాష మాట్లాడుతున్నాడు, కొంచెం సరిచేయండి” అని బడిలో ఒక టీచరు నాతో చెప్పింది. నేను ఇంటికి వచ్చి నిజంగానే సరిచేశాను. “గిట్ల అనొద్దు, ఇలా అనాలి. అర్ర కాదు, రూము. తలె కాదు, ప్లేటు” అని రోజూ దిద్దాను. వాడు నానమ్మతో మాట్లాడుతుంటే మధ్యలో కల్పించుకుని మరీ దిద్దాను. అప్పుడు ఏదో మేలు చేస్తున్నాననుకున్నాను. పదేళ్ళు గడిచాయి. ఎక్కడి బాస్క్ భాషనో మెచ్చుకునే పిల్లవాడికి, మా వంటింట్లో ఉన్న శిబ్బి తెలియకుండా పోయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక వాణ్ణి కూర్చోబెట్టి, “ఆ భాష సంగతేమిటో మొదటి నుంచీ చెప్పు” అన్నాను. వాడు చెప్పినవీ, తరువాత నేను చదివి నోటుపుస్తకంలో రాసుకున్నవీ కలిపి ఇవాళ మీకు చెబుతాను. పదో తరగతి చదివినదాన్ని, సంగీత శాస్త్రం నాకు రాదు. కాని ఇది సంగీతం ఒక్కదాని సంగతి కాదు.

యూరపు పటంలో స్పెయిన్, ఫ్రాన్సు దేశాలు కలిసే చోట పిరనీస్ అనే పర్వతాలున్నాయి. ఆ కొండల పడమటి అంచు నుంచి సముద్రం దాకా ఉన్న ప్రాంతం బాస్క్ సీమ. పాత లెక్కన ఏడు జిల్లాలనుకోండి, నాలుగు స్పెయినులో, మూడు ఫ్రాన్సులో ఉన్నాయి. వాళ్ళ భాషను వాళ్ళు ఎవుస్కరా అంటారు. మన తెలుగుకు తమిళం, కన్నడం, గోండి అక్కచెల్లెళ్ళు కదా! ఎవుస్కరాకు అలాంటి చుట్టం ప్రపంచంలో ఒక్కటీ దొరకలేదు. చుట్టూ ఉన్న స్పానిషు, ఫ్రెంచి భాషలకు దానితో పుట్టుక సంబంధమే లేదు. లాటిను రాకముందు నుంచీ ఆ కొండల్లో నిలిచి ఉన్న ఒంటరి భాష అది.

ఇక్కడొక వింత చెబుతాను. బాస్క్‌లో తల్లిని ‘అమ’ అంటారు. ఇల్లు అంటే ‘ఎచే’. ఇంట్లో అనాలంటే ‘ఎచేయన్’, ఇంటికి అంటే ‘ఎచేరా’, ఇంటి నుంచి అంటే ‘ఎచేతిక్’. చూశారా, మనం ‘ఇల్లు’ చివర లో, కి, నుంచి తగిలించినట్టే వాళ్ళూ మాట చివరనే తగిలిస్తారు. వాక్యంలో క్రియ కూడా ఎక్కువగా మనలాగే చివరికే వస్తుంది. దీన్నిబట్టి మనకూ వాళ్ళకూ చుట్టరికం ఉందనుకోకండి, లేదు. కాని వినగానే ఎవరో దగ్గరివాళ్ళ మాటలా అనిపించి నాకు నవ్వొచ్చింది.

ఇంకో మాట నాకు మరీ నచ్చింది. బాస్క్ మనిషిని వాళ్ళ భాషలో ‘ఎవుస్కల్దున్’ అంటారు. అంటే ‘ఎవుస్కరా కలిగినవాడు’ అని అర్థం. ఏ కులంలో పుట్టాడు, ఏ ఊళ్ళో పుట్టాడు అని కాదు. భాష ఎవరి దగ్గర ఉంటే వాళ్ళే ఆ మనుషులు. అంటే ఆ భాషను పోగొట్టుకుంటే పేరు కూడా పోతుందన్నమాట.

నిజంగానే పోయే రోజులు వచ్చాయి. స్పెయినులో 1936 నుంచి 1939 దాకా అంతర్యుద్ధం జరిగింది. అందులో గెలిచిన ఫ్రాంకో అనే సైన్యాధిపతి 1975లో చనిపోయేవరకూ ఏలాడు. దేశమంతటికీ ఒక్కటే భాష, స్పానిషు, అన్నాడు. బడిలో బాస్క్ లేదు, కచేరీలో బాస్క్ లేదు. పుట్టిన బిడ్డకు బాస్క్ పేరు పెడితే పుట్టుకల పుస్తకంలో రాయలేదు. మన పిల్లకు మనం పెట్టుకున్న పేరు రాయమంటే కుదరదన్నారంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అంతకు ముందు నుంచే అక్కడి బడుల్లో ఒక శిక్ష ఉండేదట. బాస్క్ మాట్లాడుతూ దొరికిన పిల్లవాడికి టీచరు ఒక ఉంగరం ఇచ్చేవాడు. వాడు దాన్ని వదిలించుకోవాలంటే బాస్క్ మాట్లాడే ఇంకో పిల్లవాణ్ణి పట్టుకుని వాడికి అంటగట్టాలి. ఎవరి దగ్గర మిగిలితే వాళ్ళకు దెబ్బలు. స్నేహితుడి మీద స్నేహితుణ్ణే కాపలా పెట్టడమన్నమాట. మా అబ్బాయి ఇది చెబుతుంటే నేను తలవంచుకున్నాను. ఆ ఉంగరాన్ని మా ఇంట్లో వాడి వేలికి తొడిగింది నేనే కదా! అక్కడ ప్రభుత్వం బలవంతాన చేయించింది. ఇక్కడ ఎవరి బలవంతమూ లేకుండా, ప్రేమతోనే చేశాను.

ఆ చీకటి రోజుల్లో భాషను కాపాడింది ఎవరనుకున్నారు? పెద్ద పెద్ద నాయకులు ఎక్కువమంది జైళ్ళలోనో పరాయి దేశాల్లోనో ఉన్నారు. కాపాడినవాళ్ళలో ముందు చెప్పుకోవలసినది ఒక టీచరమ్మను. ఆమె పేరు ఎల్బిరా సిపిత్రియా. 1906లో పుట్టింది. 1940ల్లో, సాన్ సెబాస్టియన్ అనే పట్నంలో, బడి అని బోర్డు కట్టకుండా తన ఇంట్లోనే కొద్దిమంది పిల్లలను కూర్చోబెట్టుకుని బాస్క్‌లో చదువు చెప్పింది. పైకి చూసేవాళ్ళకు పిల్లలు ఎవరింటికో ఆడుకోవడానికి వెళ్ళినట్టు ఉండేది. ఆమె దగ్గర నేర్చుకున్న యువతులు మరికొన్ని ఇళ్ళల్లో అలాంటి బడులే పెట్టారు. 1960లకు వచ్చేసరికి తల్లిదండ్రులే చందాలు వేసుకుని ‘ఇకస్తోలా’ అనే బాస్క్ బడులను ఊరూరా లేపారు. చూశారా, ఒక ఇంటి గదిలో మొదలైన పని ఎంత దూరం పోయిందో!

ఒక చిక్కు మాత్రం మిగిలి ఉండేది. ఒక్కో లోయలో ఒక్కో తీరుగా మాట్లాడేవారు. పాఠ్యపుస్తకం ఏ యాసలో రాయాలి? 1968లో అరాంచాసు అనే చోట బాస్క్ భాషా అకాడమీ పండితులు సమావేశమై, అందరూ రాయడానికి ఒక ఉమ్మడి రూపం అనుకున్నారు. కోల్దో మిచెలేనా అనే భాషా పండితుడు ఆ పనికి పెద్ద దిక్కు. రాతకు ఉమ్మడి రూపం వచ్చినా ఇళ్ళల్లో ఎవరి యాస వాళ్ళది ఉండనే ఉంది. ఈ ఒక్క సంగతి నాకు పదేళ్ళ కింద తెలిసి ఉంటే బాగుండేది. రాతకు ఒక తీరు, ఇంటికి ఒక తీరు, రెండూ పిల్లల తలలో హాయిగా ఇముడుతాయి. ఒకటి నేర్పడానికి రెండోది తుడవనక్కరలేదు.

ఇక పాటల సంగతి. 1960ల్లో అక్కడి యువకులు ‘ఎస్ దోక్ అమైరు’ అనే పేరుతో కలిశారు. గిటారు పట్టుకుని, పాత జానపదాలకు కొత్త మాటలు కట్టి, ఊళ్ళు తిరిగి పాడారు. అందులో లూర్దెస్ ఇరియొందో అనే ఆమె ఒకరు. ఒక ఆడపిల్ల ఒంటరిగా గిటారుతో వేదిక ఎక్కి, అణగదొక్కిన తన భాషలో పాడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 

ఫ్రాంకో పోయాక 1979లో వచ్చిన చట్టంతో స్పెయినులోని మూడు బాస్క్ జిల్లాల్లో వాళ్ళ భాష స్పానిషుతో పాటు అధికార భాష అయింది. బడులు వచ్చాయి, తరువాత సొంత టెలివిజను వచ్చింది. మరి అంతా బాగుపడ్డట్టే కదా అంటారేమో! అప్పుడే కొత్త చిక్కు మొదలయింది. పిల్లలకు అది బడి భాష, పెద్దల భాష, గౌరవం గల భాష అయిపోయింది. స్నేహితులతో నవ్వుకోవడానికీ, కోపం వస్తే అరవడానికీ, ప్రేమించిన అమ్మాయితో మాట్లాడడానికీ మాత్రం స్పానిషే. పూజగదిలో పెట్టిన ఇత్తడి చెంబుకు రోజూ పసుపు కుంకుమ పెడతాం కాని దానితో నీళ్ళు తాగం చూడండి, అలా అయిందన్నమాట.

ఆ చెంబును మళ్ళీ నీళ్ళ కుండ దగ్గరికి తెచ్చినవాళ్ళు రాక్ సంగీతం వాళ్ళు. రాక్ అంటే కరెంటుతో మోగే గిటార్లు, పెద్ద డ్రమ్ములు, బిగ్గర గొంతు. కుర్రకారు కోపానికీ దిగులుకూ దొరికిన గొంతు అది. అందులో సినిమా కోసమో పెద్ద కంపెనీల లాభం కోసమో కాకుండా, తమకు తోచినట్టు రాసుకుని, చిన్న చిన్న కంపెనీలతో రికార్డులు వేసుకునే దారి ఒకటి ఉంది. దాన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారు. 

1984లో ఇరున్ అనే ఊళ్ళో కొర్తాతు అనే బృందం పుట్టింది. దాని గాయకుడు ఫెర్మిన్ ముగురుసా. వీళ్ళు మొదట ఎక్కువగా స్పానిషులో పాడేవారు. ఎందుకంటే ఆయనకు బాస్క్ సరిగా రాదు. సొంత భాష రాకపోవడమేమిటని పెద్దవాడయ్యాక నేర్చుకున్నాడు. 1988లో మొత్తం బాస్క్‌లోనే ఒక ఆల్బం చేశాడు. 1990లో తమ్ముడితో, మరో స్నేహితుడితో కలిసి నెగు గొర్రియాక్ అనే కొత్త బృందం పెట్టి, ఇక బాస్క్‌లోనే పాడాడు. పేరున్న గాయకుడు అచ్చులు దిద్దుకుని మళ్ళీ మొదలుపెట్టడం చూసి, భాష రాని పిల్లలకు సిగ్గు పోయింది. మనమూ నేర్చుకోవచ్చు అనిపించింది.

మా అబ్బాయి వింటున్న బృందం వీళ్ళ తరువాతి తరానిది. పేరు బెర్రి చర్రాక్. దాని అర్థం తెలుసా? ‘చెడ్డ కబుర్లు’! మన పిల్లలు భజన మండలికి అలాంటి పేరు పెడితే ఊళ్ళో పెద్దలు ఊరుకుంటారా? నవార్రా ప్రాంతంలో లెకున్‌బెర్రి అనే ఊళ్ళో 1994లో మొదలయింది. ఆ ఊరు మన లెక్కన ఒక చిన్న పల్లె, రెండు వేల జనం కూడా ఉండరు. పాటలు రాసి పాడేవాడు గోర్కా ఉర్బిసు. మొదటి ఆల్బం 1997లో వచ్చింది. 1999లో వచ్చిన దాని పేరు ‘ఇకస్తెన్’, అంటే నేర్చుకుంటూ అని. 2009లో అమెరికాలోని షికాగో వెళ్ళి, ప్రపంచమంతా పేరున్న స్టీవ్ అల్బీనీ చేత తమ పాటలు రికార్డు చేయించుకున్నారు. 2011లో వచ్చిన ఆల్బం పేరు ‘హరియా’. ఆ మాటకు దారం అని అర్థం. మా మెట్‌పల్లి ఖద్దరుకు పేరున్న ఊరు కనుక ఆ పేరు వినగానే మా అత్తమ్మ కూడా చెవి ఇటు వేసింది. 

షికాగోకు పోయినా, జపానులో పాడినా వాళ్ళు బాస్క్ వదలలేదు. వినేవాళ్ళకు మాట అర్థం కాకపోయినా పాటతో పాటు ఊగారు. కొందరు ఆ మాటల అర్థమేమిటని వెతుక్కున్నారు, మా అబ్బాయిలాగే. పాతికేళ్ళు పాడి, పేరు బాగా ఉన్నప్పుడే, 2019లో ఇక చాలు అని ఆ బృందం సెలవు తీసుకుంది. గోర్కా ఉర్బిసు 2024లో ఒంటరిగా తన ఆల్బం తెచ్చాడు. అదీ బాస్క్‌లోనే.

ఆడవాళ్ళు వెనకబడ్డారనుకోకండి. మన అవధానంలా అప్పటికప్పుడు ఛందస్సులో పాట కట్టి పాడే విద్య వాళ్ళకూ ఉంది. వాళ్ళను బెర్చొలారి అంటారు. నాలుగేళ్ళకోసారి జరిగే పెద్ద పోటీలో గెలిచినవారికి టోపీ పెట్టి సత్కరిస్తారు. ఎన్నో ఏళ్ళు ఆ టోపీ మగవాళ్ళ తల మీదనే ఉండేది. 2009లో మయాలెన్ లుహాంబియో మొదటిసారి ఒక స్త్రీ తల మీదికి దాన్ని తెచ్చింది.

మరి మన సంగతి? మనకూ ఈ కథ కొత్తది కాదు. నిజాం కాలంలో పై చదువులు ఉర్దూలో ఉండేవి. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలోని వాళ్ళు గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి చూపించారు. మన యాసలోనే కవిత్వం రాసిన కాళోజీ గారి పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇప్పుడు హైదరాబాదులో చౌరస్తా వంటి బృందాలు సినిమాతో పని లేకుండా తెలుగు పాటను గిటారుతో పాడుతున్నాయి. 2020లో కరోనా రోజుల్లో వాళ్ళు కట్టిన జాగ్రత్తల పాట పిల్లల నోట్లో కూడా ఆడింది.

మన పొరుగునే ఇంకా పెద్ద పాఠం ఉంది. గోదావరి దాటితే ఆదిలాబాదు అడవుల్లో గోండి భాష ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్ళు దాదాపు 30 లక్షలు. బాస్క్ వచ్చిన పెద్దవాళ్ళు మొత్తం కలిపితే సుమారు 8 లక్షలే. అయినా వాళ్ళకు బడులున్నాయి, టెలివిజను ఉంది, రాక్ బృందాలున్నాయి. గోండికి మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు కూడా రాలేదు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన పాత రాతప్రతుల వల్ల గోండికి సొంత లిపి ఉందని బయటివాళ్ళకు తెలిసింది. 2018లో ఆ లిపి కంప్యూటర్ల యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే మనిషి లెక్క ఎక్కువైనంత మాత్రాన భాష బతకదు. దానికి రోజూ పని ఇవ్వాలి.

బాస్క్ వాళ్ళ లెక్కల్లోనే ఇంకొకటి ఉంది, అది వింటే మనం జాగ్రత్త పడాలి. 2021 లెక్కల ప్రకారం వాళ్ళ సీమలో వందకు 30 మంది పెద్దవాళ్ళకు బాస్క్ వచ్చు. కాని వీధిలో నిలబడి జనం ఏం మాట్లాడుతున్నారో చెవులతో విని లెక్క వేస్తే, బాస్క్ వినిపించేది వందకు 12, 13 మంది నోటనే. బడి నేర్పింది, ప్రభుత్వం గౌరవించింది, గిటారు ఉత్సాహపరచింది. అయినా ఇంట్లో, వీధిలో మాట్లాడటం ఇంకెవరూ మన బదులు చేయలేరు. ఆ పని అమ్మలది, నాన్నలది, నానమ్మలది.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఒక మార్పు చేశాను. దిద్దడం మానేశాను. వాడు పరీక్షలో రాసేటప్పుడు పుస్తకం భాష రాస్తాడు, ఉద్యోగానికి ఇంగ్లీషు నేర్చుకుంటాడు, మంచిదే. నానమ్మ దగ్గర మాత్రం నానమ్మ మాట. వాడు సెలవులైపోయి వెళ్ళేలోగా మా అత్తమ్మను అడిగి వంటింటి సామాను పేర్లు, పొలం మాటలు ఒక్కొక్కటీ తన ఫోనులో ఆమె గొంతుతోనే పట్టుకున్నాడు. మొదట ఆమె సిగ్గుపడింది. “నా మాట ఎవలు ఇంటరురా?” అన్నది. తరువాత మనుమడు వద్దన్నా ఆపలేదు.

మీరూ ఈ వారం ఒక పని చేసి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళు వాడే మాటల్లో మీ పిల్లలకు తెలియనివి ఎన్ని ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. పది దాటితే, ఆ ఉంగరం మీ ఇంట్లోనూ ఉందన్నమాట. దాన్ని ఎవరికీ అంటగట్టకుండా తీసి పారేయండి. ఇక మీ పిల్లలు గోలగోల పాటలు వింటుంటే వెంటనే కసురుకోకండి. ఒక్కసారి అది ఏ భాషో అడగండి. ‘చెడ్డ కబుర్లు’ నాకు చెప్పినట్టు, మీకూ ఏదైనా మంచి మాట చెబుతాయేమో!

మొన్న ఊరికి బయలుదేరేటప్పుడు వాడు గడపలో నిలబడి, “నానమ్మా, పోయొస్త” అన్నాడు. “పదిలం బిడ్డా, జల్ది రా” అన్నదామె. మా ఇంట్లో ఆ రెండు మాటలూ పక్కపక్కన వినబడి ఎన్నేళ్ళయిందో!